లెక్చరర్ నోరు ఎందుకు కట్టేశావు?

హనుమకొండ,
కార్తీక మాసం

బిడ్డా,

నీ కథ అందింది. పదకొండో పేజీ దగ్గర కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, ఒక చాయ్ తాగి వచ్చి మళ్ళీ మొదటి నుంచి చదివాను. కోపం వచ్చింది. కోపం రాకపోయి ఉంటే "బాగుంది, రాస్తూ ఉండు" అని రెండు ముక్కలు రాసి ఊరుకునేవాణ్ణి. అట్లాంటివి చాలామందికి రాశాను, ఒక్కరికీ పనికొచ్చినట్టు లేదు.

కోపం ఎక్కడ వచ్చిందో చెప్తా. నీ జువాలజీ లెక్చరర్ మామగారితో కలిసి రామప్ప గుడికి పోతాడు. నల్లరాతి మదనిక (నాట్యం చేసే స్త్రీ బొమ్మ) ముందు నిలబడి ముసలాయన అడుగుతాడు: "ఈ బొమ్మకు శిల్పి ఉన్నాడు గదా, దీన్ని చూస్తున్న నీ కంటికి శిల్పి లేడా?" లెక్చరర్‌కు చెమటలు పడతాయి, నోట మాట రాదు. గుడిలో గంట మోగుతుంది. కథ అయిపోతుంది.

ఇరవై ఏళ్ళు కాలేజీలో పాఠం చెప్పినవాడు ఆ ఒక్క ప్రశ్నకే మూగబోతాడా? నేను పరకాల వైపు పల్లెల్లో ముప్పై ఒక్క ఏళ్ళు నేచురల్ సైన్సు చెప్పాను. ఆ ప్రశ్న తొమ్మిదో తరగతి పిల్లలే అడిగేవాళ్ళు, మేం చెమటలు పట్టకుండానే జవాబు చెప్పేవాళ్ళం. ఆయన నోరు కట్టేసింది నువ్వే.

ఆయన ఏమనేవాడో విను. "మామయ్యా, మన కంటిలో నరాలు వెలుతురు పడే తెరకు (రెటీనాకు) ముందు వైపు పరిచి ఉంటాయి. మెదడుకు పోవాలంటే తెరలో ఒకచోట బొక్క చేసుకొని పోవాలి. ఆ బొక్క ఉన్నంత మేర మనకు చూపు లేదు. ఆక్టోపస్‌కు ఈ తిప్పలు లేవు, దాని నరాలు వెనక నుంచే పోతాయి. గొంతు నరం ఇంకా విచిత్రం. మెదడు నుంచి గొంతు దాకా జానెడు దారి. అది ఛాతీలోకి దిగి, గుండె దగ్గరి పెద్ద రక్తనాళం కింది నుంచి చుట్టి మళ్ళీ పైకొస్తుంది. జిరాఫీలో ఈ తిరుగుడు పదిహేను అడుగులు. మనింట్లో ఫ్యాను వైరును పక్క వాడంతా తిప్పి తెచ్చిన ఎలక్ట్రీషియన్‌కు పైసలిస్తావా? మెడ లేని చేపలో అది సక్కటి దారే. మెడ పెరిగిన కొద్దీ నరం సాగుతూ వచ్చింది, తెంపి మళ్ళీ అతికేవాడు ఎవడూ లేడు."

ఇట్లా అని ఉంటే ముసలాయన ఊరుకుంటాడా? ఊరుకోడు. అప్పుడు కదా కథ మొదలయ్యేది.

ముసలాయనకూ నువ్వు న్యాయం చేయలేదు. ఆయన నోట పెట్టిన మాట, 1802లో పేలీ అనే ఇంగ్లీషు పాస్టరు, గడియారానికి చేసినవాడు ఉన్నట్టే జీవులకూ ఒకడు ఉండాలని చెప్పిన మాట. గడియారం తీసి రామప్పను పెట్టావు. మన దగ్గర అంతకు ఎనిమిది వందల ఏళ్ళ ముందే తర్కపండితుడు ఉదయనుడు ఈ వాదం నడిపాడు: కుండకు కుమ్మరి ఉన్నట్టు జగత్తుకూ ఒక కర్త ఉండాలని. అంతకంటే ముందే వేదపండితుడు కుమారిల భట్టు అడగనే అడిగాడు, కుమ్మరికి ఒళ్ళుంది, చేతులున్నాయి, మరి నీ కర్తకు ఉన్నాయా అని. అన్నిటికంటే నాకు నచ్చేది రామానుజులవారి మాట. ఆయన నాస్తికుడు కాదు, విష్ణుభక్తికే పెద్ద దిక్కు. ఆయనే అన్నాడు: రథాలు, మేడలు పదిమంది కలిసి చేస్తారు, కాబట్టి చేసిన వస్తువును చూసి చేసినవాడు ఒక్కడే అని తేల్చలేం, దేవుడి సంగతి వేదశాస్త్రం వల్లే తెలియాలి అని. నీ రామప్పే చూడు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. పునాదిలో ఇసుక నింపినవాళ్ళు వేరు, నీళ్ళ మీద తేలే ఇటుకలు కాల్చినవాళ్ళు వేరు, రాయి చెక్కినవాళ్ళు వేరు. అంతమంది నీ కథలో ఒక్క శిల్పి ఎట్లయ్యారు? భక్తుడైన ముసలాయనకు ఈ సంగతులు తెలిసి ఉంటే ఎంత బాగా కొట్లాడేవాడు!

నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1997-98లో నేను పనిచేసే ఊళ్ళో పత్తి మీద లద్దె పురుగు పడింది. మందు కొడితే చావలేదు. మందు మార్చారు, రెండు మందులు కలిపి కొట్టారు, రాత్రిపూట లాంతర్లు పెట్టుకొని చేతులతో ఏరారు. ఆ ఏడు వరంగల్ రైతుల చావులు దేశమంతా పేపర్లకెక్కాయి. చాలామంది తాగింది పురుగు మీద పనిచేయని ఆ మందునే. ఒకరోజు బడి వెనక చేను గట్టు మీద ఒక రైతు నాతో అన్నాడు: "సచ్చేటియి సచ్చినయ్ సార్. సావనియి పిల్లలు పెట్టినయ్. ఇగ నా చేన్ల ఉన్నయన్నీ సావని వాటి పిల్లలే."

ఆయనకు సంతకం రాదు. జీవులు ఎట్లా మారుతూ వస్తాయో డార్విన్ 1859లో పుస్తకమంతా రాసి చెప్పిన దాంట్లో సగం ఈ మూడు వాక్యాల్లో ఉంది. ఆ రాత్రి కూర్చొని కథ రాశాను, నా జీవితంలో ఒక్క రాత్రిలో అయిన కథ అదొక్కటే. హైదరాబాద్‌లో ఒక వారపత్రికకు పంపాను. ఆరు నెలలకు అచ్చయింది. చూస్తే, ఆ మూడు వాక్యాలు లేవు. అడిగితే ఎడిటర్‌గారు, "పల్లెటూరి రైతు అట్లా సైన్సు మాట్లాడడండీ, సహజంగా లేదు" అన్నారు. "చేన్ల" పోయి "పొలంలో" వచ్చింది. చివర నేను రాయని కొసమెరుపు ఒకటి వచ్చింది, రైతు భార్య చేతికి లాటరీ టికెట్టు. ఇరవై ఏడేళ్ళయింది, ఆ సంచిక ఇంకా బీరువాలోనే ఉంది, తీసి చూడబుద్ధి కాదు. ఆ ఎడిటర్ రైతుకు చేసిందే నువ్వు లెక్చరర్‌కు చేశావు. ఈ ఉగాది కథల పోటీలు కూడా ఇదే నేర్పిస్తున్నాయి మీకు: చివరి పేరాలో ఒకడు గెలవాలి, ఇంకొకడు తల వంచాలి.

పత్తి పురుగుల కథ అక్కడితో ఆగలేదు. 2002లో బీటీ పత్తి వచ్చింది, కాయ తొలిచే పురుగును చంపే విషం మొక్కలోనే ఉంటుంది కాబట్టి ఇక మందే అక్కర్లేదన్నారు. 450 గ్రాముల విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం చిన్న ప్యాకెట్టులో ఇచ్చేవాళ్ళు. చేను చుట్టూ అది వేస్తే, అందులో విషం తగలని పురుగులు బతుకుతాయి. విషానికి తట్టుకున్న ఒకటీ అరా వాటితో జతకడితే పిల్లల్లో ఆ మొండితనం పలచబడుతుంది. మన వాళ్ళలో ఎక్కువమంది ఆ ప్యాకెట్టును గట్టు మీద పారేశారు. పురుగును పెంచడానికి ఎవరు చేను ఇస్తారు చెప్పు? కొన్నేళ్ళకు గులాబీ పురుగు కాయలోకి దూరింది, రెండు జన్యువులు పెట్టిన బీటీని కూడా తట్టుకుంది. నీది జమ్మికుంట పక్క ఊరే కదా, పత్తి మార్కెట్‌కు పోయి ఏ రైతునైనా అడుగు. రామప్ప దాకా పోనక్కర్లేకుండానే కథ దొరుకుతుంది. ఇట్లాంటి చోట 2023లో కేంద్రం తరఫున పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం పాఠం తీసేశారు. నాకు మళ్ళీ ఆ వారపత్రిక ఎడిటరే గుర్తొచ్చాడు.

ఇంటెలిజెంట్ డిజైన్ (జీవులను తెలివైన కర్త ఎవరో రూపొందించాడనే వాదం) మీద అమెరికాలో కోర్టు కేసు జరిగిందట కదా, దాన్ని కథలో పెట్టొచ్చా అని అడిగావు. పెట్టకు. కానీ తెలుసుకో, రాసేవాళ్ళకు అందులో పనికొచ్చే ముక్క ఒకటుంది. పెన్సిల్వేనియాలో డోవర్ అనే చోట, ఆ వాదాన్ని బడిలోకి తెచ్చిన స్కూలు బోర్డు మీద తల్లిదండ్రులు కేసు వేశారు. పిల్లలకు చూపించిన పుస్తకం పాత చిత్తుప్రతులను లాయర్లు బయటికి తీశారు. ముందు "సృష్టివాదులు" అని ఉన్నచోటల్లా, బడుల్లో సృష్టివాదం చెప్పించే చట్టం చెల్లదని 1987లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక "డిజైన్‌ను సమర్థించేవాళ్ళు" అని దిద్దారు. ఒకచోట దిద్దేవాడి చెయ్యి జారి, పాత మాట సగం, కొత్త మాట సగం అతుక్కొని మిగిలిపోయింది. 2005 డిసెంబర్ 20న జడ్జి ఇది సైన్సు కాదని తీర్పు చెప్పాడు. ఆయన్ని నియమించింది అప్పటి రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్షే. నీ కథలో కూడా అట్లాంటి అతుకు కనబడుతుంది: ముందు లెక్చరర్‌ను తెలివైనవాడిగా రాసుకున్నావు, తర్వాత ముగింపు కోసం దిద్దావు.

ఇప్పుడు ఆరో పేజీ. లెక్చరర్ తల్లికి పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. కొడుకు పేరు నోట రాదు. సద్దుల బతుకమ్మ నాడు వాకిట్లో చప్పట్లు వినబడగానే మంచం మీద నుంచే పాట అందుకుంటుంది. ఇక్కడ నాకు కళ్ళు తడిశాయి. మా ఇంట్లో కూడా నాలుగేళ్ళు అట్లాంటి మంచం ఒకటి ఉండేది.

వెంటనే నువ్వు రాశావు: "మెదడు చచ్చినా ఆత్మ చావదని అతనికి అర్థమైంది." ఎందుకమ్మా ఆ వాక్యం? మాట చాలామందికి మెదడు ఎడమ వైపు ఉంటుంది, 1861లో బ్రోకా అనే ఫ్రెంచి డాక్టరు ఒకే ఒక్క ముక్క పలకగలిగే రోగిని చూసి ఆ చోటు పట్టుకున్నాడు. పాటకు కుడి వైపు కూడా సాయం వస్తుంది. మాట పోయినవాళ్ళు పాడడం డాక్టర్లు ఎరిగిందే, పాటతో మాట నేర్పే వైద్యమూ ఉంది. నీ లెక్చరర్‌కు ఈ సంగతి తెలిసి ఉంటుంది. తెలిసీ తల్లి గొంతు విని తట్టుకోలేకపోతాడు చూడు, అది రాయాలి.

ఆత్మ లేదని రాయమని నేను అనడం లేదు. డార్విన్‌తో పాటే ఈ ప్రకృతి ఎంపిక సంగతి కనిపెట్టిన వాలెస్ కూడా 1869లో, మనిషి మనసు మాత్రం ఇట్లా పుట్టి ఉండదు, దాని వెనక ఇంకేదో ఉందన్నాడు. డార్విన్ ఆ వ్యాసం చదువుతూ అంచున "కాదు" అని రాసి, దాని కింద మూడు గీతలు గీశాడు. అయినా ఇద్దరి స్నేహం పోలేదు. మన పాతకాలపు నాస్తికులు చార్వాకులు ఇంకో రకంగా చెప్పారు: పులిసిన దినుసులో మత్తు పుట్టినట్టు ఒంట్లో తెలివి పుడుతుందని. ఇప్పసారా కాచే ఊళ్ళలో తిరిగినవాణ్ణి, నాకు ఆ పోలిక తొందరగా అర్థమైంది. కానీ ఇప్పపువ్వుకు బాధ ఉండదు. నీ లెక్చరర్ తల్లికి ఉంది. మాంసంలోంచి ఆ బాధ ఎట్లా పుడుతుందో ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు, నీ ఒక్క వాక్యంతో అది తేలదు.

ఆ వాక్యం కొట్టెయ్. గంట కూడా తీసెయ్. మామకూ అల్లుడికీ ఎవరి మాట వాళ్ళకిచ్చి మళ్ళీ రాయి, రామప్ప చెరువు కట్ట మీద కూర్చోబెట్టు, తొందరేం లేదు.

ఇంకొకటి. ఆమె పాడింది అన్నావు, ఏ పాటో రాయలేదు. ఎన్ని చరణాల దాకా పాడింది? మధ్యలో మరిచిపోయిందా? కుడి చెయ్యి లేవదు కదా, మరి చప్పట్లకు ఎడమ చెయ్యి దేనికి కొట్టుకుంది, మంచం పట్టెకా, తొడకా? అది రాసి పంపు.