10 కిలోవోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: మా భౌతికశాస్త్ర విభాగంలో మామూలు గాలిలో ప్లాస్మా (విద్యుత్ కణాలుగా విడిపోయిన వాయువు) పుట్టించే చిన్న పరికరం తయారు చేస్తున్నాను. 5 సెం.మీ. వ్యాసం గల రెండు ఇత్తడి పలకల్లో ఒకదాని మీద 2 మి.మీ. మందం గాజు, ఆపైన 2 మి.మీ. గాలి ఖాళీ ఉంటాయి. దీనికి 10 కిలోవోల్టుల ఏ.సి. కావాలి, కరెంటు మాత్రం చాలా తక్కువ. కేటలాగుల్లో కనిపించేవన్నీ మా నిధులకు అందని పెద్ద టెస్టింగ్ ట్రాన్స్‌ఫార్మర్లే. పాత మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్లను వరుసలో కలపమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఏది మేలు?
– పరిశోధక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: మిత్రుడి సలహాను ముందుగా పక్కన పెట్టండి. మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ (వోల్టేజీ బయటికి వచ్చే చుట్ట) ఇచ్చేది సుమారు 2 కిలోవోల్టులే అయినా, కరెంటు అర ఆంపియరుకు తగ్గదు. తగిలితే బతికే అవకాశం చాలా తక్కువ. పైగా ఆ సెకండరీ ఒక కొసను మధ్యనున్న ఇనుప కోర్‌కే కలిపి ఉంచుతారు కాబట్టి, వరుసలో కలిపినప్పుడు పైనున్న వాటి కోర్లు వేల వోల్టులకు చేరతాయి. ప్రైమరీకి (కరెంటు ఇచ్చే చుట్టకు), కోర్‌కు మధ్య ఉన్న ఇన్సులేషన్ అందుకోసం చేసినది కాదు.

మీరు అడిగిన 10 కిలోవోల్టులు ఆర్.ఎం.ఎస్. విలువా (ఏ.సి.కి మామూలుగా చెప్పేది, శిఖరంలో సుమారు 0.7 వంతు), శిఖర విలువా అన్నది స్పష్టం చేసుకోవాలి. 2 మి.మీ. గాలి పొర సుమారు 8 కిలోవోల్టుల శిఖర విలువ వద్ద తెగుతుంది. గాజు మీద పడే భాగాన్ని కూడా కలిపితే పలకల మధ్య తొమ్మిదిన్నర దాకా అవసరమవుతుంది. 10 కిలోవోల్టుల ఆర్.ఎం.ఎస్.కు శిఖరం 14 కనుక మీకు తగినంత వెసులుబాటు ఉంటుంది.

ఇక కరెంటు లెక్క. మీ పరికరం విద్యుత్తు దృష్టితో చూస్తే ఒక కెపాసిటర్. డిశ్చార్జి జరుగుతున్నప్పుడు, అంటే గాలి పొర తెగి కరెంటు పారుతున్నప్పుడు, దాని విలువ దాదాపు గాజు పొరదే, అంటే సుమారు 50 పికోఫారడ్లు. 50 హెర్ట్జ్ వద్ద దీనికి కావలసింది 0.16 మిల్లీఆంపియరు, అంటే రెండు వోల్ట్-ఆంపియర్ల లోపే. అదే పరికరాన్ని 20 కిలోహెర్ట్జ్ మీద నడిపితే కరెంటు 400 రెట్లు పెరిగి 63 మిల్లీఆంపియర్లు అవుతుంది. అప్పుడు అది చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పని కాదు. అయితే 50 హెర్ట్జ్ వద్ద ప్లాస్మాకు అందే సామర్థ్యం ఒక వాటు లోపే ఉంటుందని మరచిపోకండి. చిన్న నమూనాల ఉపరితలాన్ని మార్చడానికి అది చాలవచ్చు గానీ, నీటిని శుద్ధి చేయడం వంటి పనులకు చాలదు.

మీ అవసరానికి నా మొదటి ఎంపిక, 11 కిలోవోల్టుల లైన్ల మీద మీటరింగుకు వాడే పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే విద్యుత్ సిబ్బంది పీటీ అని పిలిచేది. 11000/110 నిష్పత్తి గలదాన్ని తిప్పి వాడి, 110 వోల్టుల వైపు 100 వోల్టులు ఇస్తే రెండో వైపు 10 కిలోవోల్టులు వస్తాయి. 100 వోల్ట్-ఆంపియర్ల పీటీ 9 మిల్లీఆంపియర్ల దాకా ఇవ్వగలదు. దాన్ని నేరుగా 230 వోల్టులకు తగిలిస్తే కోర్ సంతృప్తమై, అంటే ఇక అయస్కాంతత్వాన్ని పట్టలేక, కరెంటు విపరీతంగా పెరిగి పీటీ కాలిపోతుంది; డిమ్మర్‌స్టాట్ (వోల్టేజీని తిప్పి పెంచే ట్రాన్స్‌ఫార్మర్) ద్వారా సున్నా నుంచి నెమ్మదిగా పెంచాలి. నిష్పత్తిని నమ్మి వోల్టేజీని లెక్కగట్టకుండా, ఏ.సి.కి కూడా పనికొచ్చే 1000:1 ప్రోబుతో (వోల్టేజీని వెయ్యో వంతుకు తగ్గించి మీటరుకు అందించేది) పలకల దగ్గరే కొలవాలి.

నియాన్ బోర్డు ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు దానంతటదే పరిమితమయ్యే సుగుణం ఉంది, కానీ చాలావాటిలో సెకండరీ మధ్య బిందువు ఎర్త్ అయి ఉంటుంది కాబట్టి మీ పలకల్లో ఒకదాన్ని ఎర్త్ చేయడం కుదరదు. పాత పిక్చర్ ట్యూబు టీవీల్లో ఉండే, మెకానిక్కులు ఎల్.ఓ.టి. అనే ట్రాన్స్‌ఫార్మర్‌లో డయోడ్ లోపలే ఉండడంవల్ల వచ్చేది డి.సి.; గాజు దాన్ని అడ్డుకుంటుంది.

తక్కువ సామర్థ్యం అంటే ప్రమాదం లేనిదని కాదు. 50 హెర్ట్జ్ వద్ద 10 మిల్లీఆంపియర్లు దాటితే పట్టుకున్న చేయి వదలలేదు; 30 దాటితే గుండెకే ముప్పు. గోడ మీది 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. (ఎర్త్‌కు కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చు) మిమ్మల్ని కాపాడుతుందనుకోవద్దు, సెకండరీలో పారే కరెంటు దానికి కనిపించదు. అందుకని సెకండరీతో వరుసలో 2 మెగాఓమ్‌ల నిరోధం పెట్టండి. షార్టయినా కరెంటు 5 మిల్లీఆంపియర్లు దాటదు, మామూలు నడకలో నష్టపోయేది 300 వోల్టుల చిల్లరే. ఒక్క రెసిస్టరు అంత వోల్టేజీని తట్టుకోదు కనుక 100 కిలోఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్లను ఇరవై వరుసగా కలపండి. తలుపు తెరవగానే ప్రైమరీ తెగిపోయే స్విచ్చు, ఎర్త్ కర్ర (పలకల్లో మిగిలిన చార్జిని ఎర్త్‌కు పంపే తీగ కట్టిన కర్ర), ఓజోను బయటికి పోయే ఫ్యాను తప్పనిసరి. ఒంటరిగా ఉన్నప్పుడు పరికరాన్ని నడపవద్దు.

కొత్తగా చుట్టించదలిస్తే మోటారు రివైండింగ్ షాపుకు వెళ్లకండి. పొరల మధ్య గాలి బుడగలు మిగిలితే అక్కడే సూక్ష్మ డిశ్చార్జి మొదలై ఇన్సులేషన్‌ను తినేస్తుంది. వ్యాక్యూమ్‌లో రెజిన్ పోసే సదుపాయం ఉండాలి. సబ్‌స్టేషన్లలో ట్రాన్స్‌ఫార్మర్ నూనెను పరీక్షించే కిట్లు తయారు చేసేవారికి ఇటువంటి పని అలవాటే. కొటేషను కోరేటప్పుడు 230 వోల్టులు/10 కిలోవోల్టుల ఆర్.ఎం.ఎస్., 50 హెర్ట్జ్, 50 వోల్ట్-ఆంపియర్లు, నిరంతర వాడకం, సెకండరీ ఒక కొస ఎర్త్‌కు, చుట్ల మధ్య ఎర్త్ చేసిన షీల్డ్ అని స్పష్టంగా రాయండి. రెట్టింపు వోల్టేజీతో పరీక్షించి ఇమ్మని కూడా చేర్చండి. ఆ పరీక్ష 50 హెర్ట్జ్ వద్ద చేస్తే కోర్ సంతృప్తమవుతుంది కనుక 100 హెర్ట్జ్ లేదా అంతకు మించిన పౌనఃపున్యంలో జరగాలని షరతు పెట్టండి.