ఆబిడ్స్‌లో మిట్టమధ్యాహ్నం నీరెండా?

హైదరాబాద్

చిరంజీవికి,

నీ కథ చదివాను. బాగుంది. కానీ అమ్మా, నీరెండని మరీ చల్లేశావు. ప్రేమ పుట్టినా నీరెండే, తాతగారు పోయినా నీరెండే. పైగా ఒకచోట మే నెల, మిట్టమధ్యాహ్నం, ఆబిడ్స్ ఫుట్‌పాత్! నెత్తి మాడ్చే ఎండకి ఆ పేరు పెడితే పాఠకుడు అక్కడితో నిన్ను నమ్మడం మానేస్తాడు.

మాట మంచిదే. మంచిదనే అందరం వాడి వాడి అరగదీశాం. పిండారబోసిన వెన్నెలకి పట్టిన గతి దీనికీ పట్టేలా ఉంది.

ఒకసారి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళు (శుక్రవారం సెలవు, చూసుకో). మేలిముసుగు రెబెకా దగ్గర సెల్ఫీల రద్దీ తగ్గేదాకా ఓపిక పట్టు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ అది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. ముసుగూ ముఖమూ ఒకే రాయి. అయినా ముసుగు వెనక ముఖం ఉన్నట్టే అనిపిస్తుంది. గుడ్డ ముడత పడ్డచోట నీడ, ముక్కుకీ చెంపకీ అంటుకున్నచోట వెలుగు. పాలరాయిలోకి వెలుతురు కాస్త దిగి, చెదిరి బయటికొస్తుంది కాబట్టి ఆ మెత్తదనం. ఆయన చెక్కింది ముడతలే. పలచదనం మన కళ్ళు కల్పించుకుంటాయి.

కథలోనూ వెలుగు దేనిలోంచి వచ్చిందో, దేనిమీద పడిందో రాయి, చాలు. గుడిమల్కాపూర్ పూలమార్కెట్లో నీలం పట్టా కింద నిలబడితే ఎర్ర గులాబీ నల్లబడినట్టు ఉంటుంది. అది రాస్తే వెలుగు పేరు చెప్పక్కర్లేదు.

నీ దగ్గరే ఇంతకన్నా మంచిది ఉంది. తాతగారి గది కిటికీకి పాత న్యూస్‌పేపర్ అంటించారన్నావు. ఒక్క లైన్లో వదిలేశావేం? పొద్దెక్కేకొద్దీ కాగితం అవతలి వైపు అక్షరాలు తిరగబడి ఇవతలికి కనిపిస్తాయి. నూనె మరక ఉన్నచోట ఇంకా బాగా కనిపిస్తాయి. లేవలేని మనిషి మంచంలోంచి రోజంతా ఆ తిరగబడ్డ వార్తలు చదువుకుంటున్నాడనుకో. ఆ పేజీ మళ్ళీ రాయి, తొందరపడకుండా.

డాబా మీద పిల్ల పొద్దున్నే జుట్టు ఆరబెట్టుకునే సీన్లో మాత్రం నీరెండ ఉంచెయ్. అక్కడ కొట్టేస్తే ఊరుకోను. మిగతావన్నీ తీసేసి ఆదివారంలోపు పంపు. పత్రిక గడువు గురించి టెన్షన్ పడకు, ఎడిటర్‌తో నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు