అది పిచ్చిమందు కాదమ్మా, కడుపు మందే

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాకు 32 ఏళ్లు, పెళ్లయి ఐదేళ్లయింది. కాశీనగరం దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. రెండేళ్ల క్రితం వాంతులు, విరేచనాలు పట్టుకుంటే సెలైన్ పెట్టించుకున్నాను. అప్పట్నించి కడుపు కుదురుగా లేదు. పొద్దున్నే మూడు నాలుగు సార్లు వెళ్లాలి, వెళ్లొచ్చినా ఇంకా ఉన్నట్టే ఉంటుంది, బస్సెక్కేసరికి మళ్లీ మెలిపెడుతుంది. ఇంట్లో ఆరుగురం, లెట్రిన్ ఒక్కటే. విశాఖలో కొలనోస్కోపీ దాకా చేసి ఏమీ లేదు, ఐబీఎస్, అంటే పరీక్షల్లో ఏమీ కనిపించకపోయినా పేగు ఇలా ఇబ్బంది పెట్టే జబ్బు అన్నారు. రాత్రిపూట ఎమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. మందుల షాపు అబ్బాయి అది డిప్రెషన్ మాత్ర అని మా ఆయనతో అన్నాడు, ఆయన వచ్చి అత్తగారితో అన్నారు. ఇప్పుడు తోడికోడలు నాతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించి మాట్లాడుతోంది. మాత్ర మానేశాను. దారిలో ఇబ్బంది అని సాయంత్రం దాకా ఏమీ తినట్లేదు. ఫాల్గుణంలో పలాసలో ఆడపడుచు పెళ్లి. తలుచుకుంటేనే కడుపు తిప్పుతోంది. ఉద్యోగం మానేయమంటారా?

జవాబు: ఉద్యోగం మానకండి. మానేసినా లెట్రిన్ దగ్గర క్యూ తగ్గదు, ఇంట్లో మాటలు రోజుకి ఇంకో ఎనిమిది గంటలు ఎక్కువ వినాల్సొస్తుంది, అంతే.

ముందు ఆ మాత్ర సంగతి. మందుల షాపు అబ్బాయి అబద్ధం చెప్పలేదు, సగం చెప్పాడు. ఎమిట్రిప్టిలిన్ పాత డిప్రెషన్ మందే. కానీ డిప్రెషన్‌కి ఇచ్చే మోతాదు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. 10 మిల్లీగ్రాములు ఇచ్చేది పేగుల నుంచి మెదడుకి వెళ్లే నరాల జోరు తగ్గించడానికి. నరాల నొప్పులకీ, మైగ్రేన్‌కీ ఇదే మాత్ర రాస్తారు, వాళ్లనెవరూ పిచ్చివాళ్లనరు కదా. బ్రిటన్‌లో 463 మంది ఐబీఎస్ వాళ్లలో దాదాపు సగం మందికి ఆరు నెలలు దీన్ని 10 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూసి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కన్నా ఇది వేసుకున్నవాళ్లకి బాగా నయంగా ఉందని 2023లో ప్రకటించారు. పైగా ఇది కాస్త మలబద్ధకం తెస్తుంది, మీలా పొద్దున్నే నాలుగుసార్లు పరిగెత్తేవాళ్లకి అది కలిసొచ్చే గుణమే. మొదట్లో నోరు ఎండిపోతుంది, పొద్దున్న మత్తుగా ఉంటుంది. గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులు వేసుకుని పని చేయలేదనుకోకండి. మీరు మధ్యలో మానేశారు కాబట్టి ఆ డాక్టర్‌కి ఒక ఫోన్ చేసి, మానేసిన మాట దాచకుండా చెప్పి, మళ్లీ మొదలుపెట్టండి. పిల్లల కోసం చూస్తుంటే ఆ మాట కూడా అప్పుడే చెప్పేయాలి.

మీ జబ్బు ఎక్కడ మొదలైందో మీ ఉత్తరంలోనే ఉంది. సెలైన్ పెట్టించుకున్న ఆ విరేచనాలు. అలాంటి ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గిన పదిమందిలో దాదాపు ఒకరికి తర్వాత ఇలా ఐబీఎస్ మిగిలిపోతుంది. క్రిములు పోతాయి, పేగు మాత్రం ఉలికిపాటుతోనే ఉండిపోతుంది, కొంచెం గ్యాస్ కదిలినా పెద్ద నొప్పిగా పైకి చేరవేస్తుంది. అందుకే కెమెరా పెట్టి చూస్తే అంతా నున్నగా కనిపిస్తుంది, మీకు మాత్రం నొప్పి నొప్పే. టెన్షన్ దాన్ని పెంచుతుంది గానీ, టెన్షన్ వల్లే పుట్టిందనడం తప్పు.

ఇంకో మాట. మలంలో రక్తం పడినా, ఊరికే బరువు తగ్గిపోతున్నా, నిద్రలోంచి విరేచనం లేపేస్తున్నా, రక్తం తక్కువని తేలినా అది ఐబీఎస్ అని సరిపెట్టుకోకూడదు, మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. గోధుమ పడుతోందో లేదో చూసే రక్తపరీక్ష, థైరాయిడ్ అయ్యాయో లేదో మీ ఫైల్లో ఒకసారి చూసుకోండి.

ఇక పొద్దున పూట. మీరు చేస్తున్న పెద్ద పొరపాటు ఖాళీ కడుపుతో వెళ్లడం. తింటే పేగులు కదులుతాయి, అది అందరికీ జరిగేదే, ఐబీఎస్ వాళ్లకి కాస్త ఎక్కువ. రోజంతా మాడ్చుకుని సాయంత్రం ఒక్కసారే ఇంత అన్నం కలుపుకుని తింటే ఆ కదలిక ఇంకా గట్టిగా వస్తుంది, రాత్రంతా ఉబ్బరం, తెల్లారేసరికి మళ్లీ అదే కథ. దాన్నే మీ వైపు తిప్పుకోండి. ఐదింటికి లేచి ఐదున్నరకల్లా రెండు ఇడ్లీలో, ఒక గ్లాసు చోడి (రాగి) అంబలో తీసుకోండి, టీ మాత్రం వద్దు. కదిలేదేదో బస్సులో కాకుండా ఇంట్లోనే కదులుతుంది. ఆరు నుంచి ఆరున్నర దాకా లెట్రిన్ మీది. ఇది ఇంట్లో చెప్పి తీసుకోవాల్సిన టైమే, అందరికన్నా ముందు లేచి దొంగచాటుగా వాడుకునేది కాదు. ఒకటి రెండుసార్లయ్యాక ఇంకా ఉన్నట్టనిపించినా కూర్చుని ముక్కకండి, అక్కడ ఏమీ ఉండదు, పేగు అబద్ధం చెప్తోంది. మధ్యాహ్నం డబ్బాలో కొంచెం అన్నం, బీరకాయో సొరకాయో, మజ్జిగ చాలు. సాయంత్రం ఇంటికొచ్చాక ఇంకొంచెం.

నాకూ ఈ జబ్బు పద్నాలుగేళ్లుగా ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. బరంపురం నుంచి మోహన వెళ్లే బస్సు తప్తపాణి ఘాటీ ఎక్కుతుంటే కండక్టర్ని బతిమాలి ఆపించి, చేతిలో నీళ్ల సీసాతో చెట్ల వెనక్కి పరిగెత్తాను. తిరిగొచ్చి కూర్చుంటే పక్క సీటు ముసలాయన కిటికీ వైపు జరిగి నాకు అంచు సీటు ఇచ్చాడు, ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఎప్పుడు బస్సెక్కినా ముందే కండక్టర్‌తో ఒడియాలో 'పేటొ గొండొగోళొ', అంటే కడుపు బాగోలేదు, అని చెప్పేసేదాన్ని. మన వైపు ఆ మాటంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు. అడిగితే ఆపుతాడని తెలిశాక నాకు ఆపమనాల్సిన రోజులు బాగా తగ్గాయి. మీరూ చెప్పండి. స్కూల్లో హెడ్‌మాస్టర్‌తో కూడా అంతే, క్లాసు మధ్యలో రెండు నిమిషాలు వెళ్లాల్సి రావచ్చని ముందే అనేయండి.

తిండి గురించి ఊరంతా సలహాలిస్తుంది, వినకండి. రెండు మూడు వారాలు ఒక నోటుబుక్కులో ఏం తిన్నారో, ఎన్నింటికి ఎలా ఉందో రాసుకోండి, లెక్కల టీచరు కాబట్టి మీకు అది కష్టం కాదు. మన వంటలో ఎక్కువమందికి పేచీ పెట్టేవి ఉల్లి, వెల్లుల్లి, శనగలు, గోధుమ, పాలు. పాలు రెండు వారాలు ఆపి చూడండి, పెరుగు చాలామందికి పడుతుంది. ఉల్లి, వెల్లుల్లిలో ఇబ్బంది పెట్టే పదార్థం నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. కాబట్టి పులుసులో ఉడికిన ఉల్లిపాయ ముక్కలు తీసి పక్కన పెట్టినా లాభం లేదు, అదంతా పులుసులోకి దిగిపోయి ఉంటుంది. అదే నూనెలో నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేయించి, తీసి పారేసి, ఆ నూనెతో పోపు పెడితే వాసన వాసనే, కడుపుకి గొడవ ఉండదు. అత్తగారికి కూరలో రుచి తగ్గిందన్న మాట రాదు. ఇసబ్‌గోల్ రోజూ అర చెంచాతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి, గ్లాసు నిండా నీళ్లతో. తవుడు, పొట్టు బిస్కెట్ల లాంటి గరుకు పీచు వద్దు, అది పొడుస్తుంది. అనుమానం వచ్చిన ప్రతిదీ మానేసుకుంటూ పోయి చివరికి అన్నం, చారు మిగిల్చుకున్నవాళ్లని చూశాను. మానినవి కొన్ని వారాల తర్వాత ఒక్కొక్కటే మళ్లీ తిని చూడాలి.

ఇప్పుడు ఇంటి సంగతి. అత్తగారి మీద మీకు కోపం ఉంది, నాకు మీ ఆయన మీద ఎక్కువ ఉంది. షాపులో విన్న మాట ఇంటికి మోసుకొచ్చింది ఆయన, సర్దాల్సిందీ ఆయనే. గట్టిగా అరవక్కర్లేదు. ఆదివారం ఇద్దరూ ఏటి గట్టుకి నడుచుకుంటూ వెళ్లి, ఈ జవాబు ఆయన చేత చదివించండి. తర్వాత ఆయన వాళ్లమ్మతో చెప్పాల్సింది ఒకటే: "అమ్మా, అది పేగు నరాల మాత్ర, నేను డాక్టర్ని అడిగాను, పొద్దున ఆరు నుంచి ఆరున్నర దాకా తనని బాత్రూమ్ దగ్గర తొందర పెట్టకండి." మీరు చెప్తే సంజాయిషీ అవుతుంది, ఆయన చెప్తే ఇంటి మాట అవుతుంది. ఈసారి విశాఖ వెళ్లేటప్పుడు అత్తగారిని కూడా తీసుకెళ్లండి. పెద్దవాళ్లు కోడలి మాట నమ్మకపోయినా డాక్టర్ మాట నమ్ముతారు, ఆ బలహీనత మనం వాడుకోవాలి. తోడికోడలికి మాత్రం మీరే చెప్పండి, ఆరింటికి ఆవిడ పాపని స్కూలుకి తయారు చేసే హడావుడి ఉంటుంది కదా, ఆ అరగంటకి బదులు సాయంత్రం పాపకి లెక్కలు మీరు చూస్తానంటే బేరం కుదురుతుంది.

పెళ్లికి వెళ్లండి. ముందు రోజే పలాస చేరి, విడిది ఇంట్లో బాత్రూమ్ ఎక్కడుందో, తలుపు గడియ పడుతుందో లేదో చూసుకోండి. ప్రయాణం రోజుకి విరేచనం ఆపే మాత్ర ఏదైనా వేసుకోవచ్చేమో డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకోండి, షాపులో అడగొద్దు. పంక్తిలో కూర్చున్నప్పుడు బూరె వద్దనకండి, మళ్లీ వంద మంది ఎందుకని అడుగుతారు. విస్తట్లో వేయించుకుని సగం తుంచి తినండి, పనసపొట్టు కూర పక్కన ఉంచేసి అన్నం, నెయ్యి, చారు, చివర్లో మజ్జిగ. పక్క విస్తరి ముందు మీ ఆయన్ని కూర్చోబెట్టుకోండి. మిగిలిన సగం బూరె ఆయన తింటాడు.