కుటుంబంతో విదేశం వెళ్తే పాస్‌పోర్టులు ఒకరి దగ్గరే ఉండాలా, ఎవరివి వాళ్ల దగ్గరా?

మధురవాడ నుంచి అత్తమామలు, ఇద్దరు పిల్లలతో కలిపి ఆరుగురు సింగపూరు, మలేషియా వెళ్తున్నామని రాశారు. ఆరూ ఒకరి దగ్గరే ఉంటే ఆ ఒక్క బ్యాగు పోయిన రోజున అందరూ ఇరుక్కుంటారని మీ వారి భయం. ఎవరివి వాళ్లకిచ్చేస్తే పిల్లలు ఎక్కడో వదిలేస్తారని మీ భయం. 2023 వేసవిలో మా ఇంట్లో అచ్చంగా ఇదే వాదన నడిచింది. మేం ఐదుగురం: మా ఆయన, నేను, అప్పటికి పద్నాలుగేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు, మా అత్తగారు. విశాఖ నుంచి సింగపూరుకి స్కూట్ విమానం నేరుగా ఉండటంతో పెద్దావిడని కూడా ధైర్యంగా బయల్దేరదీశాం.

నా జవాబు: ఒకరి దగ్గరే ఉంచండి. కానీ సంచిలో ఉన్నంతసేపూ పాస్‌పోర్టుకి పెద్దగా ఏమీ కాదండీ. సంచిలోంచి బయటికొచ్చిన ఆ రెండు నిమిషాలే దానికి గండం. మా పాస్‌పోర్టులు రెండుసార్లు తప్పిపోయాయి. రెండుసార్లూ దొంగ ఎవరూ లేడు. రెండుసార్లూ జిరాక్స్ మిషన్ దగ్గరే తప్పిపోయాయి.

మొదటిసారి విమానం ఎక్కకముందే, మన ఊళ్లోనే జరిగింది. మర్నాడు రాత్రి ప్రయాణం. సాయంత్రం అక్కయ్యపాలెంలో ఒక జిరాక్స్ షాపుకి వెళ్లాం. ఫోటో, నంబరు, గడువు ముందు పేజీలో ఉంటాయి, తల్లిదండ్రుల పేర్లు, చిరునామా, ఫైలు నంబరు చివరి పేజీలో ఉంటాయి కాబట్టి ఒక్కోదానికీ రెండు పేజీలూ తీయమన్నాం. షాపు కిటకిటలాడుతోంది. ఆ అబ్బాయి ఒక పుస్తకం తీసి పక్కన పెట్టి ఇంకోటి పెడుతున్నాడు, నేను ఇటు డబ్బులిస్తున్నాను. కాగితాలు లెక్కపెట్టుకున్నాను గానీ పుస్తకాలు లెక్కపెట్టలేదు.

రాత్రి తొమ్మిదిన్నరకి సర్దుతుంటే నాలుగే ఉన్నాయి. పాపది లేదు. బీరువా అరలు, దిండ్ల కింద, పిల్లల స్కూలు బ్యాగులు, అన్నీ వెతికాం. అత్తగారు సింహాద్రి అప్పన్నకి మొక్కేసుకున్నారు. పాప ఏడుపు ఆపుకుంటూ గోడకి ఆనుకుని నిలబడింది, తన తప్పేమీ లేకపోయినా. మా ఆయన బండి మీద వెళ్లేసరికి షాపు షట్టరు దించేసి ఉంది. బోర్డు మీది నంబరుకి చేస్తే మూడోసారికి ఎత్తాడు. కంచరపాలెంలో ఇల్లట. అన్నం దగ్గర నుంచి లేచి, చేయి కడుక్కుని వచ్చాడు. మిషన్ మూత ఎత్తగానే అద్దం మీద బోర్లా ఉంది, చివరి పేజీ తెరుచుకుని. ఆఖరుగా కాపీ తీసింది అదే. దాని తర్వాత పెట్టడానికి ఇంకో పుస్తకం లేదు కాబట్టి దాన్ని పైకి తీయాల్సిన పని ఎవరికీ పడలేదు. కాపీ ఎక్కడ తీయించినా ముందు ఆ ఆఖరు పుస్తకాన్ని అడగండి. ఆ అబ్బాయికి ఇప్పటికీ ప్రతి సంక్రాంతికీ మా ఇంటి అరిసెలు వెళ్తాయి.

ఆ రాత్రి అత్తగారు పడుకోలేదు. మా మావయ్యగారు పోయాక దాచుకున్న పొందూరు ఖద్దరు లాల్చీ ఒకటుంది. దాన్ని కత్తిరించి, రెండు మడతలు వేసి, తెల్లారేసరికి ఐదు అరల సంచి కుట్టేశారు. పుస్తకంలా మడిచి నాడాతో కట్టుకోవాలి. మొదటి అర ఆవిడది, తర్వాత మా ఆయనది, నాది, పాపది, బాబుది. "కట్టగా పెడితే నాలుగున్నా ఐదున్నట్టే ఉంటాదమ్మా. అరలో లేకపోతే కన్నే చెప్పేస్తాది" అన్నారు. పాస్‌పోర్టులు మోయడం గురించి నేను విన్నవాటిలో ఇంతకు మించిన మాట లేదు. అలసిపోయినప్పుడు మనిషి లెక్క తప్పుతాడు. ఖాళీ అర మాత్రం ఎంత నిద్రకళ్లకైనా కనపడుతుంది.

ఆవిడ మాట రెండు రోజుల్లోనే రుజువైంది. సింగపూరులో లిటిల్ ఇండియా దగ్గర హోటల్. రిసెప్షన్‌లో అమ్మాయి ఐదూ తీసుకుని, లోపలికెళ్లి కాపీలు తీసి, కట్టగా తెచ్చిచ్చింది. రాత్రంతా నిద్ర లేదు, పిల్లలిద్దరూ సూట్‌కేసుల మీద తూగుతున్నారు. సంచి లేకపోతే ఆ కట్ట చేతిబ్యాగులో పడేసుకుని లిఫ్టు ఎక్కేసేదాన్ని. అరల్లో సర్దుతుంటే బాబు అర ఖాళీగా ఉంది. అడిగితే ఆ అమ్మాయి కంగారుపడి లోపలికి పరిగెత్తింది. మళ్లీ ఆఖరుదే, మళ్లీ అద్దం మీదే.

అందుకే మా ఇంట్లో సంచి బాధ్యత నాది. నా చేతిలోంచి బయటికి వెళ్లినవన్నీ అరల్లోకి తిరిగొచ్చేదాకా మేం అక్కణ్ణుంచి అడుగు కదపం. విమానాశ్రయం కౌంటర్‌లో బోర్డింగ్ పాసులు లోపల మడిచిపెట్టి అన్నీ కలిపి ఇస్తారు. వెనక లైను ఉందని మొహమాటపడి జరిగిపోతాం, అక్కడే జాగ్రత్త. పక్కకి జరిగి అరలు నింపుకోవడానికి అర నిమిషం చాలు. తనిఖీ దగ్గర పాస్‌పోర్టులు విడిగా ట్రేలో వేయకండి, జిప్పు ఉన్న బ్యాగులో సంచి పెట్టి ఆ బ్యాగునే ట్రేలో పెట్టండి. ఇమ్మిగ్రేషన్‌లో మాత్రం ఎవరిది వాళ్ల చేతికి ఇవ్వక తప్పదు. దాటగానే గోడ వారకి జరిగి, అందరివీ వెనక్కి తీసుకున్నాకే సామాన్ల వైపు నడవాలి. పిల్లలకి నేను చెప్పింది ఒక్కటే: అమ్మ చేతిలో పెట్టేదాకా అది మీ చేతిలోనే ఉండాలి, జేబులోకీ వెళ్లకూడదు, ముందు సీటు సంచిలోకీ వెళ్లకూడదు. మా తొమ్మిదేళ్ల వాడు ఈ నియమాన్ని నాకంటే గట్టిగా పట్టుకున్నాడు. పిల్లల మీద మనం పెట్టుకునే అనుమానం కొంచెం ఎక్కువేనని అప్పుడు అనిపించింది.

మీ వారి భయం కూడా కొట్టిపారేసేది కాదు. ఆ సంచే పోతే? నిజంగా పోతే ఏమవుతుందో ముందే తెలుసుకోవాలి. అక్కడి పోలీసులకి ఫిర్యాదు ఇచ్చి, ఆ కాగితంతో మన దౌత్య కార్యాలయానికి వెళ్లాలి. సింగపూరులో భారత హైకమిషన్ గ్రాంజ్ రోడ్డులో ఉంది. అత్యవసరంగా వాళ్లిచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌తో ఒక్కసారి ఇండియాకి తిరిగి రావచ్చు, అంతే. మలేషియాకి వెళ్లడం కుదరదు. అంటే ఒక్కరిది పోయినా మీ ప్రయాణంలో రెండో సగం ఆ ఒక్కరికీ, వాళ్లకి తోడుండేవాళ్లకీ పోయినట్టే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: పోయిందని ఫిర్యాదు నమోదై రద్దయ్యాక, మర్నాడు సూట్‌కేసు అడుగున అది దొరికినా ఇక దానితో ప్రయాణం చేయకూడదు. కాబట్టి ముందు ప్రతి జిప్పూ విప్పి, ప్రతి బట్టా దులిపి చూడండి. లేదని తేలాక ఇక ఆలస్యం చేయకండి.

అలాంటి రోజు కోసమే కాపీలు. వాటిని అసలు పుస్తకాలతో కలిపి ఒకే సంచిలో పెట్టుకుంటే రెండూ కలిసే పోతాయి. అందరి కాపీలూ, ఒక్కొక్కరివీ రెండేసి ఫోటోలూ మా ఆయన బ్యాగులో ఉంటాయి. ఒక సెట్టు సీతమ్మధారలో మా తమ్ముడింట్లో ఉంటుంది. నా ఈమెయిల్‌లో స్కాన్లు ఉంటాయి. జిరాక్స్ షాపులో ప్రింటు కోసమని వాళ్ల వాట్సాప్ నంబరుకి పాస్‌పోర్టు ఫోటోలు పంపే అలవాటు మనవాళ్లకి బాగా ఉంది. వీలైతే పంపకండి, పంపితే ప్రింటు అవగానే దగ్గరుండి వాళ్ల ఫోనులోంచీ కంప్యూటరులోంచీ తీసేయించండి.

రోజూ ఊరు తిరిగేటప్పుడు అసలువి వెంట ఉండాలా అంటే, సింగపూరులో మేం సంచిని గదిలో లాకర్‌లో పెట్టి కాపీలతో తిరిగాం. లాకర్‌లో సంచితో పాటు మా ఇంటి తాళాల గుత్తి కూడా పెట్టాను. గది ఖాళీ చేసేటప్పుడు తాళాలు గుర్తొస్తే పాస్‌పోర్టులు గుర్తొచ్చినట్టే. అక్కడ ఒకే షాపులో కనీసం వంద సింగపూరు డాలర్లకి కొన్నప్పుడు పర్యాటకులు పన్ను వాపసు అడగొచ్చు, దానికి అసలు పాస్‌పోర్టు చూపించాలి. ముస్తఫా అనే పెద్ద షాపింగ్ సెంటరుకి వెళ్లిన రోజు నా ఒక్కదానిదే పట్టుకెళ్లి, బిల్లులన్నీ నా పేరునే చేయించాను. ఆ రద్దీలో ఐదూ మోయాల్సిన పని లేదు. మలేషియాలో మాత్రం అధికారులు ఆపి అసలుది చూపించమని అడగొచ్చు. అక్కడ వెంట ఉంచుకోవడమే మేలు. ఇంకా, కుటుంబం రెండుగా విడిపోయే రోజున, అంటే మీ అత్తమామలు ఒక ఊళ్లో ఆగి మీరు ఇంకో ఊరికి వెళ్తుంటే, పాస్‌పోర్టులు కూడా విడిపోవాల్సిందే. అప్పుడు ఒకరి దగ్గరే అనే నియమం పట్టుకుని కూర్చోకండి.

మీ అత్తగారు తనది రొంటిన దోపుకుంటానంటున్నారని రాశారు. మా అత్తగారూ మొదట అదే అన్నారు. పెద్దవాళ్లకి ఒంటి మీద ఉంటేనే ధైర్యం, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. కానీ సింగపూరు ఉక్క మన మే నెల ఉక్కలాంటిదే. చెమటకి పేజీలు మెత్తబడతాయి, అట్ట వంగుతుంది, పాడైన పాస్‌పోర్టుని కౌంటర్‌లో ఒప్పుకోకపోవచ్చు. తడి చేసే నష్టం మాకు బాగా తెలుసు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి, గదిలోకి కొట్టిన వానకి బల్ల సొరుగులో ఉన్న మా ఆయన పాత పాస్‌పోర్టు పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. అప్పటినుంచీ ఒక్కో పుస్తకాన్నీ ప్లాస్టిక్ జిప్ కవరులో పెట్టే దాస్తున్నాను, ఇప్పుడు సంచిలోకీ అలాగే వెళ్తాయి. మీ అత్తగారి చేతికి ఆవిడ కాపీ, మీ ఇద్దరి ఫోన్ నంబర్లూ, హోటల్ చిరునామా రాసిన కాగితం ఇచ్చి రొంటిన దోపుకోమనండి. తప్పిపోతే ఆవిడని మీ దగ్గరికి చేర్చేవి అవే.

అసలు వీటన్నిటికంటే ముందు ఈ రోజే గడువు తేదీలు చూడండి. పెద్దవాళ్ల పాస్‌పోర్టు పదేళ్లు ఉంటుంది, చిన్నపిల్లలది ఐదేళ్లే. మనది ఉంది కదా అని పిల్లలది చూడం. సింగపూరు, మలేషియా రెండిటికీ వెళ్లేనాటికి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. మా బాబుది నాలుగు నెలలే మిగిలిందని ఫిబ్రవరిలో తెలిసి, మర్రిపాలెంలోని పాస్‌పోర్టు ఆఫీసు చుట్టూ తిరిగి కొత్తది తీసుకున్నాం. టికెట్లు కొన్నాక తెలిసి ఉంటే ఆ నెలంతా ఎంత నరకంగా ఉండేదో.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. ఎవరికీ పాస్‌పోర్టు తాకట్టుగా ఇవ్వకండి. బండి అద్దెకిచ్చేవాళ్లు, కొందరు టూర్ ఏజెంట్లు "మీరు తిరిగొచ్చేదాకా మా దగ్గర ఉంచండి" అంటారు. 1967 పాస్‌పోర్టుల చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వం సొత్తు, మన చేతిలో ఉందంతే. మన శ్రీకాకుళం వైపు నుంచి గల్ఫ్‌కి పనికెళ్లినవాళ్లని అడగండి, పనిచ్చిన యజమాని చేతికి పాస్‌పోర్టు వెళ్తే ఇంట్లో చావు జరిగినా కదల్లేని పరిస్థితి ఎలా ఉంటుందో చెప్తారు. కాపీ ఇస్తామనండి, డబ్బు డిపాజిట్ కడతామనండి. ఒప్పుకోకపోతే ఇంకో షాపు చూసుకోండి.

సంచి కుట్టించుకోవాలంటే కొలతలు ఇస్తున్నాను. పాస్‌పోర్టు 12.5 సెంటీమీటర్ల పొడవు, 8.8 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. జిప్ కవరుతో పట్టాలి కాబట్టి అర 14 పొడవు, 11 వెడల్పు పెట్టించండి. అంతకంటే వదులైతే జారిపోతుంది. ఖద్దరు గానీ మందపాటి నూలుగుడ్డ గానీ బాగుంటుంది, పాలిస్టరు నున్నగా ఉండి పుస్తకం నిలవదు. మీకు ఆరు అరలు కావాలి. ఏ అర ఎవరిదో అంచు మీద పేరు దారంతో కుట్టించండి, పిల్లల చేత వాళ్ల అర వాళ్లనే చూసుకోనివ్వండి. పూర్ణా మార్కెట్ దగ్గర ఏ దర్జీ అయినా కుట్టిపెడతాడు. మీ అత్తగారికి కుట్టు వస్తే మాత్రం ఆవిడనే అడగండి.