సమాధానం: మెండెల్సన్ ఆల్బమ్‌లో మొదటి, రెండో ట్రాక్‌ల మధ్య శబ్దం తెగడం

సంగీతకర్త మెండెల్సన్ సీడీని ఎంపీ3 ఫైళ్లుగా మార్చుకుని వింటుంటే మొదటి రెండు ట్రాక్‌ల మధ్య శబ్దం తెగుతోందని, రెండోది బిగ్గరగా వస్తోందని, ఆక్టెట్ (ఎనిమిది వాయిద్యాల రచన) విడి ఆల్బమ్‌గా కనిపిస్తోందని అడిగారు. సీడీ పాడవలేదండీ. ‘ఇ మైనర్’ వయొలిన్ కన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వయొలిన్ ప్రధానంగా సాగే రచన), ఓపస్ (రచన సంఖ్య) 64లో మొదటి భాగం ముగిసినా బసూన్ అనే ఊదే వాయిద్యం ఒక్కటే ‘బి’ స్వరాన్ని పట్టుకుని ఉంటుంది. అది ‘సి’కి ఎక్కగానే రెండో భాగం అందుకుంటుంది. మీకు టక్కున తెగేది సరిగ్గా ఆ స్వరం మీదే.

ఎంపీ3 ధ్వనిని 1152 శాంపిళ్ల (ధ్వని కొలతల) ముక్కలుగా కడుతుంది. అందుకే ట్రాక్‌కు ముందూ వెనకా కాస్త నిశ్శబ్దం చేరుతుంది. సీడీని ఫ్లాక్ (నాణ్యత తగ్గని ఫైల్ రకం)లోకి మళ్లీ రిప్ చేయండి, అంటే కాపీ చేయండి, ఆ ఖాళీ ఉండదు. ప్లేయర్‌లో గ్యాప్‌లెస్ (ట్రాక్‌ల మధ్య ఖాళీ లేకుండా వినిపించే సెట్టింగ్) ఆన్ చేసి, క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాక్ చివరను తర్వాతి దాని మొదలుతో కలిపేది) సున్నాకి దించండి. ఎంపీ3యే కావాలంటే లేమ్ ఎన్‌కోడర్ (ఎంపీ3 ఫైళ్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) వాడండి. ఎంత నిశ్శబ్దం చేరిందో అది ఫైల్‌లోనే రాస్తుంది, గ్యాప్‌లెస్ తెలిసిన ప్లేయర్ దాన్ని కత్తిరిస్తుంది.

తక్కువ శబ్దంతో ఉండాల్సిన రెండో భాగం బిగ్గరగా రావడానికి కారణం రీప్లేగెయిన్ (ట్రాక్‌ల శబ్ద స్థాయిని సమం చేసే సెట్టింగ్) ‘ట్రాక్’ మోడ్. అది ప్రతి ట్రాక్‌నూ విడిగా ఒకే స్థాయికి తెస్తుంది. ‘ఆల్బమ్’ మోడ్‌కి మార్చండి.

ఇక ఆక్టెట్, ఓపస్ 20 విడి ఆల్బమ్‌గా కనిపించడమంటారా, అక్కడ వాయించేది ఎనిమిది మందే, ఆర్కెస్ట్రా లేదు, కళాకారుల పేర్లు మారాయి. ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ గడిలో అన్ని ట్రాక్‌లకూ ఒకే పేరు పెట్టండి. వాయించినవారి పేర్లు ‘ఆర్టిస్ట్’లోనే ఉంచండి, చెరపొద్దు.