ఒక వీఎం బూట్ చేసి నెట్‌వర్క్ కార్డు పేరు చూస్తే టెస్ట్ అయిపోయినట్టేనా?

లినక్స్‌లో రీబూట్ తర్వాత నెట్‌వర్క్ కార్డు పేరు మారలేదని ప్రతి బిల్డ్‌లో ఆటోమేటిగ్గా తేల్చాలి, ఒక వీఎం (వర్చువల్ మెషీన్, అంటే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఉత్తుత్తి కంప్యూటరు) లేపి పేరు చూస్తే చాలదా అని అడిగారు. చాలదండీ. నేనూ అదే చేసి దెబ్బతిన్నాను.

అప్పట్లో పనిచేసిన చోట ఓ సర్వర్‌లో కొత్త ఎన్‌వీఎంఈ (స్టోరేజీ) కార్డు పెట్టాం. రీబూట్ చేశాక ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) రాలేదు. రాత్రి పదకొండింటికి మానిటరు మోసుకెళ్లి తగిలిస్తే, నెట్‌వర్క్ కార్డు పేరు ఈఎన్‌పీ3ఎస్0 కాస్తా ఈఎన్‌పీ4ఎస్0 అయి కూర్చుంది. ఐపీ సెట్టింగులన్నీ పాత పేరు మీదే ఉన్నాయి. కార్డు ఉన్న చోటును బట్టి ఇలా పేరు పెట్టడం, లినక్స్‌లో బూట్, సర్వీసులు చూసుకునే సిస్టమ్‌డీ 2013లో, 197వ వెర్షన్‌తో తెచ్చిన పద్ధతి. ఈఎన్‌పీ3ఎస్0లో ఆ 3 పీసీఐ బస్ నంబరు, అంటే కార్డు తగిలిన దారి నంబరు. ముందు ఇంకో కార్డు దూరితే నంబర్లు జరుగుతాయి. మా వీఎంలో ఉన్నదే ఒక కార్డు, అది జరిగేదెక్కడికి? టెస్ట్ రోజూ పచ్చగానే ఉండేది.

తర్వాత మ్యాక్ అడ్రస్‌ని (కార్డు హార్డ్‌వేర్ నంబరుని) బట్టి లాన్0 అని పేరు పెట్టేలా డాట్ లింక్ ఫైలు (సిస్టమ్‌డీ కార్డు పేర్ల సెట్టింగు ఫైలు) రాశాను. ఈటీహెచ్0 అని మాత్రం పెట్టకండి, కెర్నల్ ఇచ్చే పేర్లతో గొడవపడుతుంది. ఆ ఫైల్లో ఏ కార్డో చెప్పే మ్యాచ్ భాగం దగ్గర పర్మనెంట్‌మ్యాక్‌అడ్రస్ వాడండి. ఉత్తి మ్యాక్‌అడ్రస్ రాస్తే అదే మ్యాక్ ఉన్న వీల్యాన్, బ్రిడ్జి లాంటి సాఫ్ట్‌వేర్ ఇంటర్‌ఫేస్‌లు కూడా అందులో పడతాయి.

ఇప్పుడు టెస్ట్ క్యూఈఎంయూలో (వీఎంలు నడిపే ప్రోగ్రాంలో) రెండుసార్లు బూట్ చేస్తుంది. మొదటిసారి రెండు కార్డులు, వాటి మ్యాక్‌లు మనమే ఇస్తాం. రెండోసారి వాటికంటే ముందు ఒక ఖాళీ పీసీఐఈ రూట్ పోర్టు (కార్డు తగిలించే చోటు) పెట్టి, బస్ నంబర్లు జరిగేలా చేసి, కార్డుల స్థానాలు తారుమారు చేస్తాం. రెండుసార్లూ ‘యూడెవ్‌ఎడిఎం సెటిల్’ (పరికరాల సెటప్ పూర్తయ్యేదాకా ఆగే కమాండ్) అయ్యాకే చూడాలి, లేకపోతే పేరు మారకముందే చూసేసి టెస్ట్ ఊరికే ఫెయిలవుతుంది. లాన్0 ఉందా అని అడగడం దండగ. నా మొదటి స్క్రిప్ట్ అలాగే అడిగి, పేరు వేరే కార్డుకి అంటుకున్నా పాస్ చేసేసింది. స్లాష్ సిస్ స్లాష్ క్లాస్ స్లాష్ నెట్ కింద లాన్0 ఫోల్డర్‌లో అడ్రస్ ఫైలు చదివి, మీరిచ్చిన మ్యాక్‌తో పోల్చండి.

ఫెయిలైతే ‘యూడెవ్‌ఎడిఎం టెస్ట్-బిల్టిన్ నెట్_సెటప్_లింక్’ కమాండ్‌ని చివర ఆ కార్డు సిస్ ఫోల్డర్ దారి ఇచ్చి నడపండి, ఏ లింక్ ఫైలు పట్టిందో చెప్తుంది. ఫైళ్లను పేర్ల వరుసలో చూస్తుంది, మొదట మ్యాచ్ అయిన ఫైలే చెల్లుతుంది, అందుకే నా ఫైలు పేరు 10తో మొదలవుతుంది. డెబియన్ లినక్స్ అయితే ఫైలు మార్చాక ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ సిస్టమ్) అప్‌డేట్ చేయండి. అది మర్చిపోయి ఓ పూటంతా లేని బగ్ కోసం వెతికాను.