కణాలు అలసిపోతాయా?

సందేహం: మా నాన్నగారు ముప్పై ఏళ్లు లంక పొగాకు చుట్ట కాల్చారు. నాలుక పక్కన పుండు పడితే క్యాన్సరన్నారు. ఆపరేషన్ అయ్యాక మళ్లీ వచ్చింది. డాక్టరుగారు 'టీ సెల్ ఎగ్జాషన్' అన్నారు. పక్కనున్న నర్సు దాన్ని అమ్మకి 'ఒంట్లో కణాలు అలసిపోయాయి' అని తెలుగు చేసి చెప్పింది. ఆనాటి నుంచి అమ్మ నాన్నగారిని మంచం దిగనివ్వడం లేదు. విశ్రాంతి తీసుకుంటే కణాలు కోలుకుంటాయని ఆవిడ నమ్మకం. రిపోర్టులో ఉన్న 'ప్రోగ్నోసిస్' అనే మాటని తమ్ముడు ఫోన్‌లో కొడితే 'జోస్యం' అని వచ్చింది. ఈ రెండిటికీ సరైన తెలుగు మాటలు చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, ముమ్మిడివరం

సమాధానం: అమ్మా, ముందు మీ అమ్మగారి గురించి ఒక మాట. ఆవిడ అర్థం చేసుకున్న తీరులో తప్పేమీ లేదు. తెలుగులో అలసట అంటే తీరేది. 'అలసట తీరింది', 'బడలిక తీరింది', 'కాసేపు కూర్చుని అలుపు తీర్చుకో' అంటాం. ఈ మాటల వెనకాలే 'తీరు' అన్న క్రియ నడిచి వస్తుంది. దమ్ము చేసి వచ్చిన ఎడ్లు డస్సిపోతే కాడి దించి, కాలవలో కడిగి, చిట్టూ తవుడూ పెట్టేవాళ్లం. తెల్లారేసరికి మళ్లీ లేచి నిలబడేవి. కణాలు అలసిపోయాయని వినగానే మంచం వేసి పడుకోబెట్టాలనిపించడం తెలుగు బాగా తెలిసిన మనిషికి సహజం. ఆ చోట వాడిన మాటే సరైనది కాదు.

ఎందుకు కాదో తెలియాలంటే కణం దగ్గరికి వెళ్లాలి. టీ కణంలోని 'టీ' థైమస్ అనే గ్రంథి పేరులో మొదటి అక్షరం. మన పాఠ్యపుస్తకాల్లో దాన్ని బాలగ్రంథి అంటారు. టీ కణాలు అక్కడే పెరిగి, తర్వాత ఒళ్లంతా కాపలా తిరుగుతాయి. జలుబు లాంటిది వస్తే పోరాడతాయి, శత్రువు పోగానే సర్దుకుంటాయి. క్యాన్సర్ గడ్డ అలా పోదు. రాత్రీ పగలూ ఎదురుగానే ఉంటుంది, కణానికి అందే పిలుపు ఆగదు. నెలల తరబడి అలా పిలుపు అందుతూనే ఉంటే ఆ కణం ఒక్కొక్క పనీ మానేస్తుంది. తన సంతతిని పెంచుకోవడం, ఇంటర్‌ల్యూకిన్-2 లాంటి రసాయనాలు విడుదల చేయడం ముందుగా తగ్గుతాయి. ఇంటర్‌ఫెరాన్ గామా అనే ఇంకో రసాయనం ఆగిపోయేది మాత్రం చాలా ఆలస్యంగా. పైపొర మీద పీడీ-1, టిమ్-3, లాగ్-3 అనే బ్రేకులు ఎక్కువెక్కువ అవుతాయి. లోపల జన్యువుల్ని చుట్టి పెట్టిన తీరే మారిపోతుంది. అందుకే శత్రువుని పక్కకి తప్పించినా ఆ కణం పూర్తిగా పాత మనిషి కాదు. ఈ సంగతి మొదట బయటపడింది క్యాన్సర్లో కాదు, 1990లలో, ఒంట్లోంచి పోకుండా తిష్ట వేసిన వైరస్ సోకిన ఎలుకల్లో.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ కణం చావలేదు, పారిపోలేదు. గడ్డలోనే, శత్రువుకి ఎదురుగానే నిలబడి ఉంది. చెయ్యి మాత్రం లేవడం లేదు.

దీనికి తెలుగులో ఏ మాట సరిపోతుంది? 'క్షీణత' అని కొందరు రాస్తున్నారు. అది వింటే కణాల లెక్క తగ్గిందనుకుంటారు, ఇక్కడ గడ్డలో కణాలు బోలెడు ఉండవచ్చు. 'నిర్వీర్యం' అంటే మామూలు జనానికి వేరే అర్థం తోస్తుంది, ఆసుపత్రి గదిలో ఆ మాట నాకు ఇష్టం లేదు. 'నిస్త్రాణ' మంచి తెలుగే గాని గంజీ, గుడ్డూ పెడితే పోతుంది.

నేను వెతికి వెతికి ఆగింది 'ఉడుగు' అన్న క్రియ దగ్గర. అలయు–అలసి, డయ్యు–డస్సి, సొలయు–సొలసి, వీటన్నిటికీ విశ్రాంతితో చుట్టరికం ఉంది. 'ఉడుగు' అలాంటిది కాదు. ఉన్నది ఆగిపోవడం, తగ్గిపోవడం దాని అర్థం. గాలి ఉడిగింది అంటాం, వయసు ఉడిగింది అంటాం. ఉడిగిన గాలి మళ్లీ వీయవచ్చు, ఉడిగిన వయసు తిరిగి రాదు. ఆ రెండు అర్థాలూ ఈ కణానికి కావాలి. ఎందుకంటే ఈ కణాల్లో రెండు రకాలున్నాయి. కొన్నిట్లో ఇంకా ఊపిరి మిగిలి ఉంటుంది, బ్రేకు తీసే మందు పడితే అవే లేచి కొత్త కణాల్ని పుట్టిస్తాయి. మరికొన్ని చివరిదాకా వెళ్లిపోయినవి, అవి లేవడం చాలా కష్టం.

ఆ క్రియతో మనకి తయారుగా ఉన్న పలుకుబడి 'చేష్టలుడగడం'. చేష్టలు, ఉడిగి కలిస్తే చేష్టలుడిగి. ఏటిగట్టు తెగి నీళ్లు పొలం మీద పడుతుంటే 'చేష్టలుడిగి నిలబడిపోయాం' అంటాం. మనిషి ఉన్నాడు, కళ్లు తెరిచే ఉన్నాయి, కాలూ చెయ్యీ ఆడటం లేదు. టీ కణం ఉన్న స్థితి అచ్చంగా అదే. 'పిచ్చి చేష్టలు' అన్న చోట ఉన్న నింద ఈ పలుకుబడిలో వినిపించదు. కాబట్టి 'చేష్టలుడిగిన టీ కణాలు' అని ధైర్యంగా వాడండి. పక్కన టీ సెల్ ఎగ్జాషన్ అని తెలుగు లిపిలోనే ఒకసారి రాసుకుంటే డాక్టరుగారితో మాట్లాడటం తేలిక.

'ప్రోగ్నోసిస్'కి జోస్యం అనే మాట మనసుకి కష్టం కలిగించేది, అర్థానికీ దూరం. జోస్యం ఒక మనిషి పేరు మీద చెబుతారు. ప్రోగ్నోసిస్ అలాంటి జబ్బే ఉన్న వందమందిని చూసి కట్టిన అంచనా. గోదావరి ఒడ్డున పుట్టిన మనకి ఆ తేడా కొత్త కాదు. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడి నీటిమట్టం చూపే గేజీ చూసి, దిగువన ధవళేశ్వరంలో హెచ్చరిక మట్టాలైన 11.75 అడుగులు దాటుతుందా, 13.75 దాటుతుందా, 17.75 దాటుతుందా అని ముందే లెక్క కడతారు. దాన్ని వరద అంచనా అంటాం. వరద జోస్యం అనం. 'రోగగతి అంచనా' అనండి, సరిపోతుంది.

మన వైద్యంలో దీనికి పాత మాటలూ ఉన్నాయి. ఆయుర్వేదం రోగాల్ని సాధ్యం, కష్టసాధ్యం, యాప్యం, అసాధ్యం అని విడదీసింది. మూడోదాన్ని మనం పోగొట్టుకోవడం నాకు నిజంగా బాధ. యాప్యం అంటే పూర్తిగా పోదు, మందు నడుస్తున్నంతకాలం అదుపులో ఉంటుంది. తిరగబెట్టిన క్యాన్సర్ గురించి ఇంట్లో మాట్లాడుకోవడానికి 'నయమవుతుంది', 'ఇక లాభం లేదు' అన్న రెండు మాటలే మిగిలాయి మనకి. మధ్యలో ఉండాల్సిన మాట ఇది.

ఇంకో చిక్కుంది. వరదలో అంచనాలు రెండు రకాలు. ఎంత నీరు వస్తుందో చెప్పేది ఒకటి, ఇసుక బస్తాలు వేస్తే ఈ గట్టు ఆగుతుందా అని చెప్పేది ఇంకొకటి. డాక్టర్లకీ ఈ రెండూ వేరు. మొదటిది రోగగతి సూచిక, రెండోది మందు ఫలిత సూచిక. పీడీ-1 కనబడగానే చెడు అనుకోకూడదు, అప్పుడే యుద్ధానికి దిగిన కణం మీద కూడా అది ఉంటుంది. గడ్డలోకి టీ కణాలు బాగా చేరడం చాలాసార్లు మంచి సూచనే. గడ్డలో ఉండి ఆ పీడీ-1 బ్రేకుని నొక్కేది పీడీ-ఎల్1. పీడీ-ఎల్1 స్కోరు అని రిపోర్టులో ఉంటే, మందు ఎంపికకి ముఖ్యంగా చూసేది దాన్నే.

ఆ పీడీ-1ని 1992లో కనుగొన్నది జపాన్‌లో తసుకు హోంజో బృందం. 2018లో ఆయనకీ, అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ ఆలిసన్‌కీ వైద్యంలో నోబెల్ ఇచ్చారు. ఆ బ్రేకుని తీసే నివోలుమాబ్ అనే మందుని, ప్లాటినం ఉన్న కీమో మందులకి లొంగని ఇలాంటి క్యాన్సర్లలో పరీక్షిస్తే ఏడాదికి నూటికి 36 మంది బతికి ఉన్నారు. పాత మందులు తీసుకున్నవారిలో నూటికి సుమారు 17. 'నూటికి' అన్న మాట వదలకండి. అది తీసేస్తే అంచనా మళ్లీ జోస్యం అయిపోతుంది.

మీరు అడగకపోయినా ఒకటి చెబుతాను. రిపోర్టులో 'హెడ్ అండ్ నెక్' అని ఉంటే 'తల, మెడ' అని అనువదించకండి, మెదడులో గడ్డ అనుకుని హడలిపోతారు. మెదడు ఆ లెక్కలోకి రాదు. 'నోరు, గొంతు క్యాన్సర్' అనండి. మీ నాన్నగారిది నాలుక కాబట్టి అది చాలు.

అమ్మగారికి ఇలా చెప్పి చూడండి: "అమ్మా, నాన్న ఒంట్లో కాపలా కణాలు చచ్చిపోలేదు. గడ్డ ముందు చేష్టలుడిగి నిలబడ్డాయి. పడుకోబెడితే లేవవు. వాటి మీద పడ్డ బ్రేకు తీసే మందుంది, అది నాన్నకి పనికొస్తుందో లేదో డాక్టరుగారిని అడుగుదాం." నాన్నగారు నడవవచ్చా, ఎంతసేపు నడవవచ్చు అన్నది కూడా అప్పుడే అడగండి.